ప్రయోగం తెలిస్తే చాలదు, ఉపసంహారం తెలియాలి

విల్లును గురించి మన కవులు చాలా చెప్పినారు. వింటిని ఎక్కుపెట్టడం, నారి మ్రోత, అమ్ముల వాన, పొది తరగని తూణీరం, ఇవన్నీ మనకు చిన్ననాటినుంచి పరిచయమైనవే. అయితే నారిని వ్రేళ్లు విడిచిపెట్టే ఆ ఒక్క క్షణాన్ని గురించి చెప్పినవి తక్కువ. నిజానికి విలువిద్య సారమంతా ఆ క్షణంలోనే ఉంది. చూపు ఎంత నిశితమైనా, చేయి ఎంత స్థిరమైనా, విడిచే వేళ వ్రేళ్లు రవ్వంత తడబడితే బాణం దారి తప్పుతుంది.

ఆ తడబాటును తప్పించడానికి నేటి కాంపౌండ్ విల్లు పట్టేవారు ఒక చిన్న పరికరం వాడుతున్నారు. ఇంగ్లీషులో దాని పేరు రిలీజ్ ఎయిడ్. వాడుకలో రిలీజ్ అంటారు. నారి నడుమ ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో చిన్న త్రాటి ఉచ్చు కట్టి ఉంటుంది. ఈ పరికరానికి ఉన్న కొక్కెం గానీ, పటకారు వంటి దవడలు గానీ ఆ ఉచ్చును పట్టుకుంటాయి. విలుకాడు నారిని తాకడు, పరికరాన్నే లాగుతాడు. మీట కదలగానే కొక్కెం తెరుచుకొని నారి ఒక్కసారిగా సాగిపోతుంది. మూడు వ్రేళ్లమీదుగా జారిన నారి కొంచెం ప్రక్కకు అల్లాడి ముందుకు పోతుంది; కొక్కెంనుంచి వెడలిన నారికి ఆ అల్లాట చాలా తక్కువ. ఈ పరికరాన్ని ఇకమీద నేను "విడుపుకొక్కెం" అంటాను. పేరు బాగున్నదా లేదా అనే సంగతి చివర చూసుకుందాం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది. కాబట్టి ఇక్కడ విడుపుకొక్కెం గురిపోటీలకే పరిమితం. ఆ పోటీలలో మన తెలుగు ఆడపడుచు, విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో కాంపౌండ్ విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచినది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీకి చోటు కల్పిస్తూ 2025లో నిర్ణయం వెలువడింది. ఆ విద్య వేరు. నేను వ్రాయబోయేది అమెరికాలో, చట్టం అనుమతించిన కాలంలో, అనుమతిపత్రం తీసుకొని విల్లుతో జింకను వేటాడేవారి సంగతి.

నేను శాకాహారిని. వేటను సమర్థించడానికి పూనుకోలేదు. అయితే మా మేనల్లుడు ఒహాయో రాష్ట్రంలో చాలాకాలంగా ఉంటున్నాడు. అక్కడ జింకలు ఊళ్లలోకి వచ్చి తోటలు మేయడం, రాత్రివేళ కార్లకు అడ్డంపడి చావడం మామూలు సంగతి. ఇళ్ల నడుమ తుపాకి పేల్చడం ప్రమాదం గనుక కొన్ని పట్టణాలు నియమాలు విధించి విల్లువేటకు మాత్రం అనుమతిస్తాయి. సెప్టెంబరు చివర మొదలై ఫిబ్రవరి మొదటివరకు అక్కడ విల్లువేట కాలం. ఇరుగుపొరుగువారితో పాటు మావాడు కూడా విల్లు పట్టినాడు. నేను వద్దన్నాను. వాడు, "మామయ్యా, కారు క్రింద పడి నాలుగు గంటలు కొట్టుకొని చచ్చే జింకకంటె ఇది మేలు కదా, మీరే చెప్పండి" అన్నాడు. నా దగ్గర వెంటనే సమాధానం లేదు. అయితే ఆ మాటలోనే ఒక షరతు దాగి ఉంది. బాణం తగిలిన జింక కూడా నాలుగు గంటలు కొట్టుకొని చస్తే, ఆ మేలు మాట నిలవదు. "అయితే నాయనా, ఆ మాట నిలబెట్టుకునే విధంగా నేర్చుకో" అన్నాను. ఆ శీతకాలమంతా వాడి గ్యారేజీలో కూర్చుని వాడి అభ్యాసం చూసినాను. దొరికిన పుస్తకాలన్నీ చదివినాను. ఈ వ్యాసం దాని ఫలితం.

దుకాణంలో వాడికి మిత్రులు చెప్పిన సలహా ఒక్కటే: మీట ఎంత తేలికగా కదిలితే అంత మంచిది, ధర ఎంత ఎక్కువైతే అంత మంచిది. నా అభిప్రాయం దీనికి సరిగ్గా విరుద్ధం. గురిపోటీకి ఏది మంచిదో ఆటగాళ్లు చెప్పాలి. వేటకు మాత్రం, ఎంత సులువుగా విడువగలదన్నది చూసి కాక, విడువకుండా ఎంత నిశ్చింతగా ఉండనిస్తుందో చూసి పరికరాన్ని ఎన్నుకోవాలి.

ఈ మాట వివరించే ముందు మరొక వాదానికి సమాధానం చెప్పాలి. సంప్రదాయ విలుకాండ్రు కొందరు, మీట నొక్కి వేసేది విలువిద్యే కాదు, అది తుపాకి విద్య అంటారు. వ్రేళ్లకు, నారికి నడుమ మరొక వస్తువు చేరడం క్రొత్త కాదని వారు గమనించాలి. మన ఇతిహాసాలలో వీరులు గోధాంగుళిత్రాణాలు ధరించినట్లు ఉన్నది. గోధ అంటే ఉడుము. ఉడుము తోలుతో చేసి వ్రేళ్లకు తొడిగే రక్ష అన్నమాట. తురుష్కులు, మంగోలులు బొటనవ్రేలితో నారి లాగేవారు. ఆ వ్రేలికి కొమ్ముతో, ఎముకతో, రాతితో చేసిన ఉంగరం తొడిగేవారు. మొగలు చక్రవర్తులు పచ్చజేడు రాతితో చేయించుకున్నారు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన అటువంటి ఉంగరం ఉన్నది. వెళ్లినవారు జేడు వస్తువులున్న గదిలో చూడవచ్చు. ఆ ఉంగరానికి అంచు ఉంటుంది. నారి ఆ అంచుమీద ఆగి, వ్రేలు సడలగానే జారిపోతుంది. నేటి కొక్కెం చేసే పని ఇంచుమించు అదే.

నారి విడిచే పద్ధతులను మొదట శాస్త్రీయంగా వర్గీకరించినవాడు ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికా పండితుడు. జపానులో అధ్యాపకుడుగా పనిచేసినవాడు. 1885లో ప్రకటించిన తన వ్యాసంలో, బొటనవ్రేలు చూపుడువ్రేలు నడుమ బాణాన్నే చిటికెపట్టు పట్టే ఆదిమ పద్ధతినుంచి మొదలుపెట్టి, మూడు వ్రేళ్లతో లాగే మధ్యధరా పద్ధతి, బొటనవ్రేలితో లాగే మంగోలు పద్ధతి వరకు వివరించినాడు. ఏ జాతి ఏ విధంగా నారి విడుస్తుందో చూస్తే ఆ జాతి విలువిద్యను గురించి కొంత తెలుస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు ఏకలవ్యుడి కథ క్రొత్తగా అర్థమైనది. ద్రోణుడు బొటనవ్రేలే ఎందుకు అడిగినాడు? నేటి ఒలింపిక్ విలుకాడు నారిని బొటనవ్రేలితో లాగడు. చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలు, ఈ మూడే అతనికి ఆధారం. బొటనవ్రేలు పోయినంతమాత్రాన అతని నారి ఆగిపోదు. మన కథలో మాత్రం ఆ వ్రేలు పోతే విద్యే పోయినట్లు చెప్పినారు. వ్యాస భారతంలో, ఆపై ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్లతోనే నారి లాగినాడని, అయితే మునుపటి వేగం లేకపోయినదని కూడా ఉన్నది. అంటే ఆ విద్యలో బొటనవ్రేలే ముఖ్యమని, వ్రేళ్లు మార్చితే మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చిందని ఊహించవచ్చు. నారి విడిచే సాధనం మారితే విలుకాడు మళ్లీ విద్యార్థి అవుతాడన్నది నేటికీ సత్యమే.

అమెరికా విల్లువేటకు ఆధునిక కాలంలో మూలపురుషుడని చెప్పదగిన సాక్స్‌టన్ పోప్ అనే వైద్యుడు ఆ విద్యను ఒక ఆదిమవాసి దగ్గర నేర్చినాడు. యాహీ తెగలో చివరివాడైన ఇషీ 1911లో కాలిఫోర్నియాలో ఓరోవిల్ ఊరిలో బయటపడి, విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉంటూ 1916లో మరణించినాడు. ఇషీ కూడా బొటనవ్రేలితోనే నారి లాగేవాడు. ఉంగరం లేదు, ఉత్త వ్రేలే. శిష్యుడు పోప్ మాత్రం ఇంగ్లీషువారి మూడు వ్రేళ్ల పద్ధతికే అలవాటుపడినాడు. గురువు పద్ధతి వేరు, శిష్యుడి పద్ధతి వేరు. అయినా ఇద్దరూ విలుకాండ్రే. కనుక కొక్కెం వాడినంతమాత్రాన విలుకాడు కాకుండా పోడు.

కొక్కెం ఇంత వ్యాప్తికి రావడానికి కారణం కాంపౌండ్ విల్లు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రానికి చెందిన హాలెస్ విల్బర్ ఆలెన్ 1966లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టగా 1969లో మంజూరైనది. వింటి కొనలలో చక్రాలుంటాయి. నారి సగం వరకు లాగడం కష్టం. పూర్తిగా లాగేసరికి చక్రాలు తిరిగి బరువు హఠాత్తుగా తగ్గిపోతుంది. అరవై పౌనుల వింటిలో నూటికి ఎనభై వంతులు తగ్గితే, చివర పట్టి ఉంచవలసినది పన్నెండు పౌనులే. పాత విల్లుతో రెండు మూడు క్షణాలకంటె గురిమీద నిలవడం కష్టం. దీనితో అర నిమిషం కూడా నిలవవచ్చు. ఈ తీరుబాటే వరం, ఇదే శాపం. విడువకుండా ఉండడానికి వీలు కలిగింది, అది వరం. ఆ తీరుబాటులో వ్రేలు మీటమీద తహతహలాడడం మొదలవుతుంది, అది శాపం.

ఇక రకాలు. ముఖ్యంగా నాలుగు.

మొదటిది మణికట్టు పట్టీతో కూడినది. పట్టీ మణికట్టుకు బిగుస్తుంది, దానినుంచి కొక్కెం ముందుకు వస్తుంది, చూపుడువ్రేలు మీట నొక్కుతుంది. బరువంతా మణికట్టు మోస్తుంది. రెండవది పిడికిట పట్టేది. బొటనవ్రేలు మీట నొక్కుతుంది. మూడవది కీలురకం. దీనికి మీటే లేదు. పిడికిట పట్టిన పరికరం, వెన్ను బిగిసేకొద్దీ కొంచెం కొంచెంగా తిరిగి, ఒక కోణానికి రాగానే తనంతట విడుస్తుంది. నాలుగవది బిగువురకం. నారి లాగేటంతవరకు ఒక మీట నొక్కి ఉంచాలి. గురి నిలిచిన తర్వాత ఆ మీట వదిలి ఇంకా లాగితే, ముందుగా నిర్ణయించిన బరువు దాటగానే కొక్కెం తెరుచుకుంటుంది.

మొదటి రెండింటిలో విడుపు ఆజ్ఞ వ్రేలిది. తర్వాతి రెండింటిలో వెన్నుది. ఈ భేదం తెలిస్తే మిగిలినదంతా సులువుగా తెలుస్తుంది. వ్రేలికి తొందర ఎక్కువ, వెన్నుకు తక్కువ. గురిచుక్క లక్ష్యం మధ్యకు రాగానే "ఇప్పుడే, ఇప్పుడే" అని మనసు కేకవేస్తుంది, వ్రేలు మీటను గుద్దుతుంది, ఆ అదురుకు గురి చెదురుతుంది. కొన్నాళ్లు ఇలా సాగితే గురి మధ్యకు రాకముందే వ్రేలు గుద్దడం అలవాటవుతుంది. దీనిని వారు టార్గెట్ పానిక్ అంటారు, గురిభీతి అందాం. ఎంతో అనుభవం ఉన్నవారిని కూడా ఇది పట్టి పీడిస్తుంది. మీట తేలికైనకొద్దీ ఈ జాడ్యానికి అవకాశం ఎక్కువ. అందువల్లనే దుకాణపు సలహాను నేను కాదన్నాను.

మరి వెన్ను ఆజ్ఞతో విడిచే కీలురకమే వేటకు మంచిదా అంటే, కాదనే నా ఉద్దేశం. అడవిలో జింక కనబడగానే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఆ స్థితిలో కీలురకాన్ని లాగేటప్పుడు పిడికిలి కొంచెం తిరిగితే, గురి కుదరకముందే నారి వెళ్లిపోతుంది, పరికరం వచ్చి మూతికి తగిలినా తగలవచ్చు. అనుభవజ్ఞులు దానితోనూ వేటాడతారు. మొదటి ఏడువాడికి అది తగదు. చదువుకు కీలురకం లేదా బిగువురకం, అడవికి మణికట్టు పట్టీరకం అని మావాడికి చెప్పినాను. మొదటిది మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నాడు, రెండవది కొనుక్కున్నాడు. ఛందస్సు నేర్చినవాడు వచనం వ్రాసినా అందులో ఒక లయ ఉంటుంది. అదే విధంగా వెన్నుతో విడవడం నేర్చిన చేయి మీట ఉన్న పరికరం పట్టినా గుద్దదు.

బొటనవ్రేలి రకాన్ని మెచ్చేవారి వాదంలోనూ సత్యమున్నది. పిడికిలి దవడక్రింద స్థిరంగా ఆనుతుంది, బొటనవ్రేలు చూపుడువ్రేలంత చపలం కాదు. అయితే అది చేతినుంచి జారితే చెట్టుమీది మంచెనుంచి నేలమీద పడుతుంది, చీకట్లో వెదుక్కోవాలి. పట్టీరకం తెల్లవారుజామున కట్టుకుంటే దిగేవరకు చేతినే ఉంటుంది. చలికి చేతితొడుగు వేసుకున్నా పనిచేస్తుంది. క్రొత్తవాడికి చింత ఒకటి తగ్గుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నవి. పట్టీకి అతుకుడు గుడ్డకంటె బెల్టు వంటి కట్టు మేలు. అతుకుడు గుడ్డ ఊడదీసేటప్పుడు చప్పుడవుతుంది, రోజుకొక బిగువులో కూర్చుంటుంది. బెల్టు ప్రతిదినం అదే రంధ్రంలో పడుతుంది, కాబట్టి లాగే పొడవు మారదు. కొక్కేనికి, మణికట్టుకు నడుమ ఉన్న కాడ పొడవు సవరించుకునేదై ఉండాలి. మీట చూపుడువ్రేలి కొసకు తగిలితే చాలా పొడవన్నమాట. వ్రేలు కొక్కెంలాగా వంగి రెండవ కణుపు దగ్గర మీటను చుట్టుకోవాలి. కొసతో అయితే గుద్దుతాము, కణుపుతో అయితే లాగుతాము. తెరచిన కొక్కెం చూడకుండానే ఉచ్చుకు తగిలించవచ్చు. మూసుకునే దవడలు జారిపోకుండా పట్టుకుంటాయి. క్రొత్తవాడికి రెండవది నయం. మీట బరువును కొంచెం ఎక్కువగానే పెట్టుకోవాలి. ఈ నాలుగూ సరిపోయిన పరికరం తక్కువ ధరలో దొరికినా మంచిదే, సరిపోనిది ఎంత ఖరీదైనా దండుగ.

అభ్యాసం విల్లుతో మొదలు కాదు. తన లాగే పొడవుకు సరిపోయే త్రాటి ఉచ్చు ఒకటి కట్టి, ఎడమచేత దానిని పట్టి, కుడిచేతి కొక్కేన్ని తగిలించి లాగుతూ విడుస్తూ ఉండాలి. విల్లు లేదు, బాణం లేదు, ప్రమాదం లేదు. కీలురకం ఎప్పుడు విడుస్తుందో వెన్నుకు తెలిసేవరకు ఇదే పని. ఆ తర్వాత విల్లు పట్టి, నాలుగైదు గజాల దూరంలో గడ్డిమోపు ముందు నిలబడి, గురిచుక్క లేకుండా, లాగిన తర్వాత కన్నులు మూసుకొని వేయాలి. బాణం ఎక్కడ తగిలిందన్న చింత లేదు గనుక మనసు విడుపుమీదనే నిలుస్తుంది. నేను బడిలో చిన్నపిల్లలచేత అర్థంతో పని లేకుండా గుణింతాలు వ్రాయించినది ఇందుకే. చేయి కుదిరిన తర్వాత అర్థం వస్తుంది.

ఇందులో మరువరాని రెండు జాగ్రత్తలు. బాణం లేకుండా నారిని విడిస్తే బాణానికి పోవలసిన బలమంతా వింటికే తిరిగి తగిలి విల్లు పగిలిపోవచ్చు. నారి లాగేటప్పుడు చూపుడువ్రేలు మీటకు వెనుకప్రక్కన ఉండాలి. పిడికిలి దవడ ఎముకక్రింద ఆనిన తర్వాతనే మీటమీదికి రావాలి. ఆ తర్వాత వ్రేలిని కదిలించకూడదు. వంగిన వ్రేలు వంగినట్లే ఉండగా మోచేయి వెనుకకు జరగాలి, వీపున రెక్కల ఎముకలు దగ్గరపడాలి. మీట దానంతట కదులుతుంది. బాణం వెళ్లినప్పుడు వేసినవాడికే కొంచెం ఆశ్చర్యం కలగాలి. ఆ ఆశ్చర్యం కలిగితే విడుపు సరైనదని గుర్తు.

తర్వాత పది గజాలు, ఇరవై గజాలు. తర్వాత వేటలో వేసుకునే మందపు కోటుతో, కూర్చుని, ఎత్తునుంచి క్రిందికి. ఎత్తునుంచి వేసేటప్పుడు చేతులు దించకుండా నడుము వంచాలి. కొక్కెం మారితే దవడమీద చేయి ఆనే చోటు మారుతుంది, దానితో బాణం తగిలే చోటూ మారుతుంది. కనుక వేటకాలం రేపనగా క్రొత్త కొక్కెం కొనడం, పెళ్లినాడు వంటవాడిని మార్చడం వంటిది. నెలలు ముందుగా మార్చుకొని గురిచుక్కలు మళ్లీ సవరించుకోవాలి.

ఎవరూ అంతగా చెప్పని పాఠం ఒకటి ఉంది. పదిసార్లు పూర్తిగా లాగితే మూడుసార్లు వేయకుండా దించాలి. గురి కుదిరిన తర్వాత, వ్రేలు సిద్ధమైన తర్వాత, అప్పుడు ఆగి, వ్రేలిని మీట వెనుకకు తెచ్చి, నారిని మెల్లగా ముందుకు పోనివ్వాలి. ఇది కనిపించినంత సులువు కాదు. చక్రాలు తిరిగే చోట విల్లు చేతిని హఠాత్తుగా ముందుకు గుంజుతుంది. ఆ గుంజుడుకు వ్రేలు మీటమీద ఉంటే బాణం వెళ్లిపోతుంది. లాగడానికెంత అభ్యాసం కావాలో దించడానికీ అంతే కావాలి. బలానికి మించిన విల్లు కొన్నవాడు దానిని దించలేడు, దించలేక వేసివేస్తాడు. అక్కడే అనర్థం పుడుతుంది.

లెక్క చూడండి. జింక ప్రక్కకు నిలిచినప్పుడు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. బాణం వేగం సెకనుకు 280 అడుగులు అనుకుంటే ఇరవై గజాలు పోవడానికి సెకనులో అయిదవ వంతు పైచిలుకు పడుతుంది, నలభై గజాలకు దానికి రెట్టింపు. శబ్దవేగం సెకనుకు సుమారు 1,100 అడుగులు. అంటే నారి చప్పుడు బాణానికంటె చాలా ముందే జింక చెవిని చేరుతుంది. బెదిరిన జింక దూకడానికి ముందు ఒడలు క్రుంగదీస్తుంది. దూరం పెరిగినకొద్దీ దానికి వ్యవధి పెరుగుతుంది. విడుపు నిర్దోషమైనా, జింక కదిలితే బాణం వెన్నుకో, కడుపుకో తగులుతుంది. కడుపుకు తగిలిన జింక గంటల తరబడి యాతనపడి ఎక్కడో పొదలో చస్తుంది, వేటగాడికి దొరకను కూడా దొరకదు. జింక తల ఎత్తి చూస్తున్నది, కొమ్మ అడ్డమున్నది, దూరం సందేహంగా ఉన్నది, ఇటువంటప్పుడు ఉత్తమమైన విడుపు విడువకపోవడమే.

మన వాఙ్మయం ఈ సంగతి ఎన్నడో గ్రహించినది. దశరథుడు శబ్దవేధి. కంటితో చూడకుండా, కుండ మునిగిన చప్పుడును ఏనుగు చప్పుడనుకొని బాణం విడిచినాడు, మునికుమారుడు కూలినాడు. అతని విడుపులో దోషం లేదు, గురి కూడా తప్పలేదు. విడిచే హక్కు తనకు ఆ క్షణాన ఉన్నదా అని అడగకపోవడమే దోషం. పాండురాజు జంటగా ఉన్న లేళ్లను కొట్టి కిందముడి శాపం పొందినాడు. శాకుంతలంలో దుష్యంతుడు లేడి వెంట రథం తోలించి బాణం సంధించిన తర్వాత, ఇది ఆశ్రమమృగమని తాపసులు అడ్డురాగానే బాణాన్ని వెనుకకు తీసుకున్నాడు. కాళిదాసు ఆ రాజును మనకు మొదట చూపించినది జింకను కొట్టే రాజుగా కాక, కొట్టబోయి మానుకున్న రాజుగా.

భారతంలో సౌప్తికపర్వం ఇంకా స్పష్టం. అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చిన అస్త్రాన్నే ప్రయోగించినారు. మునులు అడ్డుపడి వెనుకకు తీసుకొమ్మన్నారు. అర్జునుడు తీసుకోగలిగినాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయినాడు. ప్రయోగంలో ఇద్దరూ సమానులే. ఉపసంహారంలో తేలింది తేడా. ఆ అస్త్రం చివరకు గర్భస్థ శిశువుమీద పడింది. ద్రోణుడి కుమారుడికి రానిది శిష్యుడికి ఎందుకు వచ్చిందంటే, అర్జునుడికి నిగ్రహం ఉన్నది గనుక అని భారతమే చెబుతున్నది.

"ఇంత ఆలోచించేవాడు వేటకే పోనక్కరలేదు కదా" అని ఒకరు నన్ను అడిగినారు. పోకుంటే నాకు సంతోషమే. అయితే పోయేవారు పోతూనే ఉంటారు. వారి చేతిలో పరికరం ఉంటుంది. ఆ పరికరం ఏ గుణాన్ని పెంచుతుందన్న ప్రశ్న మిగులుతుంది. తొందరను పెంచే పరికరం ఒకటి, ఓర్పును పెంచే పరికరం ఒకటి అంగడిలో ప్రక్కప్రక్కనే ఉన్నవి. వేటను మాన్పించలేని పెద్దవాడు, కనీసం ఆ రెండింటి నడుమ తేడా చూపించవచ్చు.

మావాడు మొదటి ఏడు మూడుసార్లు పూర్తిగా నారి లాగి మూడుసార్లూ దించినాడు. ఒకసారి జింక ఎదురుగా నిలిచిందట, ఒకసారి వెనుక పిల్ల ఉన్నదట, ఒకసారి వెలుతురు చాలలేదట. ఫోనులో, "మామయ్యా, అందరూ నవ్వుతున్నారు" అన్నాడు. "నవ్వనీరా, దించడం వచ్చిందా?" అన్నాను. వచ్చిందన్నాడు. రెండవ ఏడు ఒక జింకను కొట్టినాడు. పదిహేను గజాల దూరం. అది కంటి ముందే పడిపోయిందని చెప్పి, కొంతసేపు మాట్లాడలేదు. నేనూ అడగలేదు. నా మనసు ఆ జింకవైపే ఉన్నది; అయినా మావాడు కారు మాట చెప్పినప్పుడు ఒప్పుకున్న షరతును నిలబెట్టుకున్నాడు.

ఇక పేరు సంగతి. రిలీజ్ అన్న మాటకు "విడుపు" సరిపోతుంది. ఎయిడ్ అన్నదానిని అనువదిస్తే "విడుపుసాయం" అవుతుంది, అది వికారంగా ఉంది. పని చేసేది కొక్కెం గనుక "విడుపుకొక్కెం" అన్నాను. సంస్కృతంలో కావలెనంటే మోక్షణి అనవచ్చు, కాని వేటాడేవాడి చేతిలోని వస్తువుకు ఆ పేరు పెట్టడానికి నాకు మనసు రాలేదు. "పట్టుకొక్కెం" అనవచ్చునా అని కూడా ఆలోచించినాను. పట్టి ఉంచడమే దాని పరమధర్మమని నా వాదం గనుక, ఆ పేరే ఉచితమేమో. పదాలు కూర్చడంలో మీరందరూ నాకంటె నేర్పరులు. ఇంతకంటె మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా స్వీకరిస్తాను.